కొత్తగా అసెంబుల్ చేసిన కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మా ఇంట్లో ఒక వేసవిలో విడిభాగాలు తెచ్చుకొని నేనే కంప్యూటర్ అసెంబుల్ చేశాను. మూడో రోజు నుంచి అది బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. అసలు కారణం దొరికేసరికి యాభై రోజులైంది. అప్పటినుంచి కర్నూలు, కడప వైపు మిత్రులు కూడా ఇదే బాధ మీద ఫోన్ చేస్తుంటారు. వాళ్లు అడిగినవే ఇక్కడ రాశాను.

మన ప్రాంతంవాళ్లకు ఇందులో ఒక ఇబ్బంది ఎక్కువ. కర్నూలువాళ్లు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి, అనంతపురంవాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి, కడపవాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి సామాను తెచ్చుకోవడం మామూలు. చెడనిదాన్ని చెడిందనుకొని అంత దూరం పట్టుకుపోతే, అంగడిలో పది నిమిషాలు ఆన్ చేసి చూసి "బాగానే ఉంది కదా" అని తిప్పి పంపుతారు. కాబట్టి ఏది చెడిందో ఇంట్లోనే తేల్చుకొని బస్సెక్కాలి.

హ్యాంగ్ అయిందంటే అన్నీ ఒకటేనా?

కాదు. బిగుసుకున్న వెంటనే ఆఫ్ బటన్ నొక్కకుండా ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ నిమిషంలో తెలిసేది తర్వాత వారం రోజుల వెతుకులాటను తగ్గిస్తుంది.

మొదట కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతోందంటే లోపల ప్రాసెసర్ ఇంకా పనిచేస్తోంది, తెర మాత్రమే ఆగింది. అప్పుడు గ్రాఫిక్స్ వైపు చూడాలి. లైటు కదలకపోతే మొత్తం ఆగిపోయినట్టే. అలాంటప్పుడు ర్యామ్, ప్రాసెసర్, మదర్‌బోర్డు, కరెంటు వీటిలో ఏదో ఒకదాన్ని అనుమానించాలి.

తర్వాత శబ్దం. పాట మామూలుగా సాగుతోందా, ఒకే ముక్క దగ్గర "ర్‌ర్‌ర్" అని ఇరుక్కుందా? ఇరుక్కుంటే మొత్తం ఆగినట్టు. అర నిమిషానికి తనంతట తనే తేరుకుంటే ఎస్‌ఎస్‌డీ లేదా హార్డ్ డిస్క్ మీద కన్నేయండి. బిగుసుకోకుండా దానంతట అదే రీస్టార్ట్ అయితే, అది వేరే జబ్బు. అక్కడ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా), వేడి ముందు గుర్తుకు రావాలి.

అన్నా, ముందు ఏం మార్చమంటావు?

ఏదీ మార్చకముందు ఫోటోలు, సర్టిఫికెట్లు, పని ఫైళ్లు ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ర్యామ్‌లో తప్పుంటే అది కంప్యూటర్‌ను ఆపడంతో సరిపెట్టదు. డిస్క్ మీద రాసే ఫైళ్లను కూడా చప్పుడు లేకుండా పాడుచేస్తుంది. పాడైన సంగతి నెలల తర్వాతగానీ తెలియదు.

ఆపైన ఒక నోటుబుక్కు తీసుకోండి. ఆగిన తేదీ, వేళ, అప్పుడు ఏం చేస్తున్నారు, కరెంటు వచ్చిపోయిందా, గది ఎంత వేడిగా ఉంది, ఇవన్నీ రాయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్ తీసి, డ్రైవర్ మార్చి, బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కూడా ఒకేరోజు చేస్తే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు. తిరగబెట్టినప్పుడు మళ్లీ మొదటికి రావాలి.

మొట్టమొదటి మార్పు మాత్రం ఖర్చు లేనిది. బయోస్‌లోకి వెళ్లి అన్నీ డీఫాల్ట్‌కు తెచ్చి, ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగ్) ఆపేసి, కొన్ని రోజులు వాడండి.

ఎక్స్‌ఎంపీ ఆపితే ర్యామ్ స్పీడు తగ్గిపోతుంది కదా? డబ్బా మీద ఉన్న స్పీడుకే కదా డబ్బులిచ్చింది?

నిజమే. కానీ డబ్బా మీద 3600 అని ఉన్న డీడీఆర్4 ర్యామ్ సాధారణంగా 2133 లేదా 2666 దగ్గరే మొదలవుతుంది. అలాగే 6000 అని రాసిన డీడీఆర్5 ఎక్కువగా 4800 దగ్గర మొదలవుతుంది. మిగతా వేగం ఓవర్‌క్లాకింగ్ (మామూలు హద్దు దాటించి నడపడం) కిందికే వస్తుంది. ర్యామ్ తయారీదారు దాన్ని పరీక్షించి ప్రొఫైల్‌గా లోపల రాసిపెడతాడు. మీ ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌ను నడిపే భాగం), మీ మదర్‌బోర్డు దాన్ని మోయగలవో లేదో మీ ఇంట్లోనే తేలాలి.

నాలుగు స్లాట్లూ నింపితే కష్టం ఇంకా పెరుగుతుంది. రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు స్టిక్కులతో (ర్యామ్ ముక్కలతో) 5200 వరకు ఏఎండీ హామీ ఇస్తుంది. నాలుగు పెడితే ఆ హామీ 3600కే. స్లాట్లు నాలుగున్నాయి కదా అని నాలుగూ నింపి 6000 ఆన్ చేసినవాళ్లు నాకు చాలామంది తగిలారు. నా సలహా ఒకటే: ఎంత కావాలో ముందే లెక్కేసుకొని, రెండు స్టిక్కులు ఒకే డబ్బాలో వచ్చే కిట్ కొనండి.

నా యాభై రోజుల కథ కూడా ఇదే. 8 జీబీ స్టిక్కులు రెండు, రెండు అంగళ్లలో కొన్నాను. ఒకే మోడల్, ఒకే లేబుల్. రోజుకు ఒకసారి, ఒక్కోసారి రెండు రోజులకు ఒకసారి మొత్తం ఆగిపోయేది. విండోస్ మూడుసార్లు వేశాను. ఎస్‌ఎంపీఎస్ చెడిందని గట్టిగా నమ్మి బెంగళూరు పోయాను. వాళ్లు పరీక్షించి బాగుందన్నారు, అది నిజంగానే బాగుంది. చివరికి ఒక రాత్రి మెమరీ పరీక్ష పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తెర నిండా ఎర్ర గీతలు. ఒక్కో స్టిక్కూ విడిగా పెడితే ఒక్క తప్పూ లేదు. రెండూ కలిపి 2133 దగ్గర పెట్టినా లేదు. రెండూ కలిసి ప్రొఫైల్ వేగంతో పరుగెత్తినప్పుడే తప్పులు. లేబుల్ ఒకటే అయినా లోపలి చిప్పులు వేరుగా ఉండొచ్చని అప్పుడే తెలుసుకున్నాను. ఆ పరీక్ష మొదటి రాత్రే పెట్టి ఉంటే ఒక నెలకు పైగా మనశ్శాంతి దక్కేది. అందుకే ఈ ప్రశ్నకు ఇంత పొడుగు జవాబు.

మెమరీ పరీక్ష ఎలా చేయాలి? ఎంతసేపు?

మెమ్‌టెస్ట్86 లేదా మెమ్‌టెస్ట్86 ప్లస్ పెన్‌డ్రైవ్‌లో వేసి, దాని నుంచే బూట్ చేయండి. మొదటిదాని ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌ల (పూర్తి చుట్ల) వరకు నడుస్తుంది. రెండోదానికి ఆ హద్దు లేదు. రాత్రి పెట్టి పొద్దున చూడండి. ఒక్క పాస్ అయ్యి "తప్పుల్లేవు" అంది కదా అని ఆపేయకండి, నాకు తప్పులు కనబడింది నాలుగో గంట తర్వాతే. విండోస్‌తో వచ్చే మెమరీ పరీక్షను మాత్రం నమ్ముకోవద్దు, పైపైన చూసి వదిలేస్తుంది.

ఒక్క తప్పు వచ్చినా తప్పే. "వెయ్యి పరీక్షల్లో ఒకటే కదా" అనుకోవద్దు. తప్పు వస్తే ఎక్స్‌ఎంపీ ఆపి మళ్లీ పెట్టండి. అప్పుడూ వస్తే ఒక్కో స్టిక్కును ఒకే స్లాట్‌లో విడివిడిగా పరీక్షించండి, తర్వాత ఇంకో స్లాట్‌లోనూ పెట్టి చూడండి. తప్పు స్టిక్కును వెంబడిస్తే స్టిక్కు చెడింది. స్టిక్కు ఏదైనా ఒకే స్లాట్‌లో తప్పులొస్తుంటే మదర్‌బోర్డునో, ప్రాసెసర్ పిన్నులనో అనుమానించాలి. కూలర్‌ను ఒకవైపు మరీ గట్టిగా బిగించినా ఒక్కోసారి ఇలా అవుతుంది.

రెండే స్టిక్కులుంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మాన్యువల్‌లో వీటినే ఏ2, బీ2 అంటారు. ఇంకో మాట: కొత్త డీడీఆర్5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు నల్ల తెరే ఉంటుంది. అది ర్యామ్‌ను సరిచూసుకుంటోంది. చెడిందనుకొని మధ్యలో ఆపకండి.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో (జరిగిన తప్పుల చిట్టాలో) "కెర్నల్ పవర్ 41" అని వస్తోంది. ఎస్‌ఎంపీఎస్ పోయినట్టేనా?

కాదు. పేరులో పవర్ అని ఉండటంతో ఎంతోమంది కొత్త ఎస్‌ఎంపీఎస్ కొన్నారు. ఆ 41కి అర్థం "క్రితంసారి సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగింది" అని మాత్రమే. బిగుసుకున్నాక మీరు బటన్ నొక్కి ఆపినా అదే వస్తుంది.

దానికి ముందు వరుసల్లో ఏముందో చూడండి. "డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ 18" ఉంటే హార్డ్‌వేర్‌లో పెద్ద తప్పు దొర్లింది. 19 అంటే తప్పు దొర్లినా సర్దుకుంది. 129 లేదా 153 ఉంటే డ్రైవ్ జవాబివ్వడం లేదు. 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ ఆగి మళ్లీ లేచింది. ఏమీ లేకుండా నేరుగా 41 మాత్రమే ఉంటే, రాసుకునే వ్యవధి కూడా లేకుండా ఆగిందన్నమాట. అది సాఫ్ట్‌వేర్ కంటే హార్డ్‌వేర్ వైపే ఎక్కువ చూపిస్తుంది.

గంటల తరబడి గేమ్ ఆడినా ఏమీ కాదు. కాఫీ తాగి వచ్చేసరికి ఆగిపోయి ఉంటుంది. ఇదేం విచిత్రం?

విచిత్రం కాదు. పని లేనప్పుడు ప్రాసెసర్ వోల్టేజీ, కరెంటు బాగా తగ్గించుకొని నిద్రలోకి జారుతుంది. ఆ జారడంలోనో, లేవడంలోనో తడబడుతోందన్నమాట. కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు అంత తక్కువ కరెంటు వాడకాన్ని నిలకడగా మోయలేవు. రైజెన్ బోర్డుల బయోస్‌లో "పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్" అని ఉంటుంది. దాన్ని "టిపికల్ కరెంట్ ఐడిల్" చేయండి. మొదటి తరం రైజెన్‌లను పాత ఎస్‌ఎంపీఎస్‌లతో వాడేవాళ్లలో చాలామందికి ఇదే మందు పనిచేసింది.

వేడి తగ్గాలని అండర్‌వోల్ట్ చేశారా (ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించారా)? రైజెన్ బయోస్‌లోని కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ అంకెలు పెట్టారా? అవి భారీ పరీక్షల్లో నెగ్గి, ఖాళీగా ఉన్నప్పుడు ఓడిపోతాయి. తీసేసి చూడండి. స్లీప్ నుంచి లేవకపోతే ముందు బయోస్, చిప్‌సెట్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి.

ఒకటి రెండు సెకన్లు ఆగి, ఆగి నడుస్తోంది. ర్యామ్ పరీక్ష నెగ్గింది.

విండోస్ 11తో కొన్ని రైజెన్ కంప్యూటర్లలో ఎఫ్‌టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా భాగం) వల్ల ఇలా అయ్యేది. 2022లో ఏఎండీ దీన్ని ఒప్పుకొని బయోస్ ద్వారా సవరించింది. ఏజీసా (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) 1.2.0.7 లేదా ఆ తర్వాతిది ఉన్న బయోస్ ఉందేమో చూసుకోండి. అంగడిలో చాలాకాలం నిలువ ఉన్న బోర్డైతే పాత బయోస్‌తోనే మీ చేతికి వస్తుంది. ఎఫ్‌టీపీఎం జోలికి వెళ్లేముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ రాసిపెట్టుకోండి.

అర నిమిషం ఆగి తేరుకుంటోంది. డిస్క్ వాడకం 100 శాతం చూపిస్తోంది.

పాత కంప్యూటర్ నుంచి హార్డ్ డిస్క్ తెచ్చి కొత్తదాంట్లో తగిలించారా? ముందు దాన్ని తీసి చూడండి. నిద్రపోయిన డిస్క్ తిరగడం మొదలుపెట్టేదాకా, లేదా చెడిన సెక్టారును మళ్లీ మళ్లీ చదివేదాకా కంప్యూటర్ మొత్తం వేచి ఉంటుంది.

కేబుల్‌తో తగిలించే సాటా డ్రైవ్ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో సీ7 అనే వరుస చూడండి. ఆ అంకె రోజురోజుకూ పెరుగుతుంటే చాలావరకు డ్రైవ్ మంచిదే, కేబుల్ చెడింది. చిన్న ఖర్చుతో పోతుంది. ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డులో గుచ్చే ఎస్‌ఎస్‌డీ) అయితే ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, పవర్ ఆప్షన్లలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద "లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్" ఆపి చూడండి.

మే నెల మధ్యాహ్నాల్లోనే ఆగుతోంది. ఎండే కారణమా?

కావచ్చు, కానీ తొందరపడి తీర్పు చెప్పకండి. 25 డిగ్రీల గదిలో 75 దగ్గర నడిచే ప్రాసెసర్, 38 డిగ్రీల గదిలో దాదాపు 88కి చేరుతుంది. గది వేడి ఎంత పెరిగితే లోపలి వేడి ఇంచుమించు అంతే పెరుగుతుంది. మిద్దె మీద గదిలో ఏసీ లేకుండా వాడేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. అయినా ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటాయి, ఇంకా పెరిగితే ఆఫ్ అవుతాయి. రైజెన్ 7000లో ఎక్కువవాటికి 95, ఇంటెల్‌వాటిలో ఎక్కువవాటికి 100 డిగ్రీలు హద్దు. వేడికి బిగుసుకుపోవడం అరుదు.

అరుదే అయినా, అలా జరిగే దారులు ఉన్నాయి: 30 డిగ్రీల్లో నెగ్గిన ర్యామ్ ప్రొఫైల్, 40 డిగ్రీల్లో ఓడిపోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు కింద ఇరుక్కున్న ఎస్‌ఎస్‌డీ ఉడికిపోవచ్చు. కాబట్టి మెమరీ పరీక్ష రాత్రి చల్లటి వేళ నెగ్గితే, ఒకసారి మధ్యాహ్నం కూడా పెట్టండి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ ఒక్కటే కాకుండా ఎస్‌ఎస్‌డీ, వీఆర్‌ఎం (బోర్డు మీద ప్రాసెసర్‌కు వోల్టేజీ సరిచేసి ఇచ్చే భాగం) వేడి కూడా చూడండి.

ఆన్ చేసిన నిమిషంలోనే 90 దాటితే కూలర్ విప్పి చూడండి. అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించినవాళ్లు ఉన్నారు. గది చల్లబరిచే నీళ్ల ఎయిర్ కూలర్ గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టేలా మాత్రం పెట్టవద్దు. తుంపర్లు, దుమ్ము కలిసి ఫ్యాన్ రెక్కల మీద బురదలా పేరుకుంటాయి.

మా వీధిలో బోరు మోటారు వేస్తే లైట్లు మసకబారతాయి. లో వోల్టేజీ వల్లేనా? క్యాబినెట్ ముట్టుకుంటే జుమ్మంటోంది కూడా.

రెండూ వేర్వేరు సంగతులు. మంచి ఎస్‌ఎంపీఎస్‌లు 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటాయి. కాబట్టి నిలకడగా ఉన్న లో వోల్టేజీతో అంత భయం లేదు. కరెంటు ఒక్క క్షణం పోయి రావడమే ప్రమాదం. పూర్తి లోడు మీద ఎస్‌ఎంపీఎస్ దాదాపు 16 మిల్లీసెకన్లు మాత్రమే ఓర్చుకునేలా తయారవుతుంది. ఇంటి ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే మార్పిడికి ఆ వ్యవధి చాలదు. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కంప్యూటర్ దానికి తగిలించకండి. అయినా కరెంటు జబ్బు ఎక్కువగా రీస్టార్ట్‌గానే బయటపడుతుంది, బిగుసుకోవడంగా తక్కువ.

జుమ్మనడం మాత్రం వెంటనే చూసుకోవలసింది. అది ఎర్తింగ్ లేదనడానికి గుర్తు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేని క్యాబినెట్ మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజీ దగ్గర తేలుతుంటుంది. మామూలుగా కరెంటు చాలా కొద్దిది కాబట్టి జుమ్మని వదిలేస్తుంది. కానీ ఏ వైరైనా దెబ్బతిని ఫేజ్ క్యాబినెట్‌కు తగిలితే, ఎర్త్ లేని ఇంట్లో అది ప్రాణాలమీదికి వస్తుంది. యూఎస్‌బీ పరికరాలు వాటంతటవే ఊడిపోయి తగులుకోవడం, స్పీకర్లలో గుయ్‌మనడం కూడా ఎర్త్ లేనప్పుడు కనబడతాయి.

మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటరుతో చూపించండి. ఫేజుకు న్యూట్రలుకు మధ్య 230 వోల్టుల దాపుల్లో, ఫేజుకు ఎర్తుకు మధ్యా దాదాపు అంతే, న్యూట్రలుకు ఎర్తుకు మధ్య ఒకటి రెండు వోల్టులు ఉండాలి. అనంతపురం దేశంలో వానలు బాగా తక్కువపడే జిల్లాల్లో ఒకటి. నేల ఎండితే ఎర్త్ గుంత ఉన్నా లేనట్టే. బొగ్గు, ఉప్పు వేసిన గుంతైనా వేసవిలో నీళ్లు పోయాలి. సాకెట్‌లోనే న్యూట్రలును ఎర్తు పిన్నుకు కలిపి "ఎర్త్ వచ్చింది" అనేవాళ్లు ఉన్నారు. దయచేసి ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగిన రోజు క్యాబినెట్ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి.

గేమ్ ఆడుతుంటే తెర ఆగిపోతుంది, మాటలు మాత్రం వినబడుతుంటాయి.

విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెర తిరిగొస్తే అనుమానం గ్రాఫిక్స్ వైపు బలపడినట్టే. సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్ పూర్తిగా తుడిచి కొత్తది వేయండి. కార్డుకు రెండు పవర్ సాకెట్లుంటే, ఒకే కేబుల్ రెండు తలలు కాకుండా రెండు వేరే కేబుళ్లు తగిలించండి. రైజర్ కేబుల్ (కార్డును స్లాట్‌కు దూరంగా పెట్టడానికి వాడేది) వాడుతుంటే బయోస్‌లో ఆ స్లాట్‌ను జెన్ 3 అనే తక్కువ వేగానికి దించి చూడండి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి నాలుగు రోజులు వాడటం అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష.

విండోస్ మళ్లీ వేస్తే పోతుందా?

ఒకసారి వేయండి, రెండోసారి వద్దు. దానికంటే ఉబుంటును (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ నుంచే నడిపి ఒక పూట వాడండి. అందులోనూ బిగుసుకుంటే విండోస్ తప్పు కాదని తేలినట్టే.

ప్రాసెసరే చెడి ఉండొచ్చా?

సాధారణంగా చివర అనుమానించాల్సింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో పెద్దవాటికి మాత్రం మినహాయింపు. వోల్టేజీ హద్దు మీరడంతో అవి అస్థిరమవుతున్నాయని 2024లో ఇంటెల్ ప్రకటించి, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. గేముల్లో "వీడియో మెమరీ చాలలేదు" అని అర్థంలేని సందేశాలు, జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు తప్పులు దీనికి గుర్తులు. బయోస్ అప్‌డేట్ ఇకపై నష్టం జరగకుండా చూస్తుందేగానీ, జరిగిన నష్టాన్ని పూడ్చదు. అప్పుడు వారంటీయే దారి.

అన్నీ చూశాను, ఏమీ దొరకలేదు.

క్యాబినెట్ నుంచి బయటికి తీయండి. మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డు ఉంచి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, ఒక్క డ్రైవ్‌తో నడపండి. యాంటీస్టాటిక్ కవరు మీద పెట్టవద్దు, కొన్ని కవర్ల పైపొర గుండా కరెంటు పారుతుంది. బయట బాగా నడిచి లోపల ఆగితే, బోర్డు కింద అనవసరమైన చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి నిలిపే చిన్న స్క్రూ) ఒకటి మిగిలి ఉందేమో వెతకండి. రీసెట్ బటన్ వైరు, ముందువైపు యూఎస్‌బీ వైరు కూడా తీసి చూడండి.

అంగడికి ఏమేం తీసుకుపోవాలి?

జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబరు కనబడే డబ్బా, మెమరీ పరీక్షలో వచ్చిన తప్పుల ఫోటో, నోటుబుక్కు. "అప్పుడప్పుడు ఆగుతోంది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఈ స్టిక్కు ఒక్కటే పెట్టినా, ఏ2 స్లాట్‌లో, ఎక్స్‌ఎంపీ లేకుండా, రెండో పాస్‌లో తప్పులొస్తున్నాయి, ఇదిగో ఫోటో" అంటే వాదన ఉండదు. బయలుదేరేముందు వాళ్లకు ఫోన్ చేసి, ఆ పార్టు మార్పిడి అంగడిలోనేనా, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనా కనుక్కోండి.

నాలుగు రోజులుగా ఆగలేదు. బాగైనట్టేనా?

ఇంతకుముందు ఎన్ని రోజులకు ఒకసారి ఆగేదో నోటుబుక్కులో చూడండి. మూడు రోజులకు ఒకసారి ఆగేదైతే, మరమ్మతు చేయకపోయినా నాలుగు రోజులు ఆగకుండా గడిచిపోవడం మామూలే. కనీసం దానికి మూడు రెట్లు, అంటే తొమ్మిది పది రోజులు మామూలుగా వాడండి. ఆ తర్వాతే ఆపినవాటిని ఒక్కొక్కటిగా మళ్లీ ఆన్ చేయండి, ఎక్స్‌ఎంపీని అన్నిటికంటే చివర. ఆన్ చేసిన రోజు రాత్రి మెమరీ పరీక్ష ఇంకోసారి పెట్టి పడుకోండి.